మాకు ముఖ్యమంత్రులు కరువు కాలేదు, ప్రతిపక్షమే కరువైంది

రాయలసీమకు అన్యాయం జరిగిందని ఎక్కడ నోరు విప్పినా ఒకటే మాట ఎదురొస్తుంది. "ముఖ్యమంత్రులంతా మీవాళ్లే కదా, ఇంక ఎవర్ని అడుగుతారు?" ఈ మాట విజయవాడలో విన్నాను, హైదరాబాదులో విన్నాను. మా అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో టీ కొట్టు దగ్గర మావాళ్ల నోటే విన్నాను. లెక్క తప్పేం కాదు. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి, మొత్తం ఏడుగురు. సంజీవరెడ్డి రాష్ట్రపతి కూడా అయ్యారు. పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాక లోక్‌సభకు వెళ్లింది 1991లో మా నంద్యాల నుంచే.

నేను చాలా ఏళ్లుగా ఆలోచించి తేల్చుకున్న జవాబు ఒకటుంది. సీమ నుంచి వచ్చిన ముఖ్యమంత్రి సీమ గురించి మాట్లాడలేడు. ఇది ఏ ఒక్కరి మీదా నింద కాదు. రాష్ట్రంలో 175 సీట్లుంటే సీమ నాలుగు పాత జిల్లాలకు 52. మిగతావన్నీ కోస్తా, ఉత్తరాంధ్రవి. ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాడు పొద్దున లేచింది మొదలు ఆ లెక్కే చూసుకోవాలి. పైగా సొంత ప్రాంతానికి దోచిపెడుతున్నాడనే మాట పడకూడదని మిగతావాళ్లకంటే ఇంకో రెండడుగులు వెనక్కే ఉంటాడు. సీమ మాట గట్టిగా అడగగలిగింది ఎవరంటే, కుర్చీలో లేనివాడు, ప్రతిపక్షంలో ఉన్నవాడు. ఆ పని చేసేవాళ్లే మాకు కరువయ్యారు.

ప్రతిపక్షం అంటే నా ఉద్దేశం రోడ్డు మీద ధర్నా ఒక్కటే కాదు. ఢిల్లీలో ఒక బడ్జెట్ లైను రాస్తే అది మా కాలవలో నీళ్లను ఎట్లా తగ్గిస్తుందో చెప్పగలగడం. కాగితాలు పట్టుకుని సభలో నిలదీయడం. దేశం మాట, ఊరి మాట ఒకే నోటితో మాట్లాడటం. అట్లాంటి మనిషి మా జిల్లాలోనే పుట్టాడు కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక అని ఎవరూ అనలేరు.

తరిమెల నాగిరెడ్డి 1917లో తరిమెలలో భూస్వామి ఇంట పుట్టారు. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు అభ్యర్థిగా అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. సంజీవరెడ్డి ఆయనకు స్వయానా బావ, అక్కచెల్లెళ్ల సంబంధం ఉన్న ఇల్లు. అయినా రాజకీయం రాజకీయమే అని నిలబడ్డారు. 1957లో లోక్‌సభకు వెళ్లారు, తర్వాత మళ్లీ అసెంబ్లీకి వచ్చారు. భూమి ఎవరి చేతిలో ఉంది, విదేశీ పెట్టుబడి దేశాన్ని ఏం చేస్తోంది, పల్లెలో కూలి రేటు ఎందుకు పెరగదు అన్నవి ఆయనకు వేర్వేరు ప్రశ్నలు కావు. ఆయన రాజకీయ మార్గంతో నాకు అన్నిచోట్లా ఏకీభావం లేదు. కానీ అనంతపురం కూలీ బతుకును దేశ ఆర్థిక విధానంతో కలిపి చూపించిన ఆ చూపు నాకు కావాలి. ఆయన 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో అజ్ఞాతంలో ఉండగా చనిపోయారు. ఆ తర్వాత ఆ చూపుతో మాట్లాడినవాళ్లు చట్టసభల్లో మా వైపు నుంచి ఎంతమంది ఉన్నారని వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

ఇప్పటి సంగతికి వద్దాం. ఒక విషయం గమనించారా? 2012 నుంచి చూస్తే అధికారం కోసం బయల్దేరిన పెద్ద పాదయాత్రలన్నీ మా మట్టి మీద నుంచే మొదలయ్యాయి. చంద్రబాబు 2012 అక్టోబరు 2న హిందూపురం నుంచి నడక మొదలుపెట్టారు. అదే నెలలో షర్మిల ఇడుపులపాయ నుంచి. జగన్ 2017 నవంబరులో ఇడుపులపాయ నుంచి. లోకేశ్ 2023 జనవరిలో కుప్పం నుంచి. ముగింపు చూస్తే ఇచ్ఛాపురమో విశాఖో. మొదటి వారం రోజులు మా ఎండిన బోర్లు, మా బుడ్డల (వేరుశెనగ) చేలు, మా వలసలు ఉపన్యాసంలో ఉంటాయి. కృష్ణా దాటేసరికి ఉపన్యాసం మారిపోతుంది. తప్పుపట్టడం లేదు, రాష్ట్రమంతా తిరిగేవాడు రాష్ట్రమంతటి గురించీ మాట్లాడతాడు. కానీ సీమలో ఇచ్చిన మాటలు ఆ తర్వాత ఏ సభలో ప్రశ్నలుగా మారాయో నాకు ఎవరైనా చూపించాలి.

ప్రతిపక్షంలో చెప్పిన మాట విధానం కాగలదు, అది కూడా చూశాం. 2003లో రాజశేఖరరెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా చేవెళ్ల నుంచి నడుస్తూ రైతుకు ఉచిత కరెంటు అన్నారు. 2004 మే 14న ప్రమాణం చేసి తొలి సంతకం దాని మీదే పెట్టారు. ఆ విధానం మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. బోరు మీద బతికే జిల్లాలో ఉన్నవాడిగా నాకు ఆ సంతకం విలువ తెలుసు. అధికారంలో ఉన్న పార్టీ కుదరదన్న పనిని ప్రతిపక్షం ఎజెండా మీదికి తెచ్చింది, గెలిచాక చేసింది. అందుకే ప్రతిపక్షం నోరు మెదపకపోతే నాకు అంత కోపం వస్తుంది.

జాతీయ విషయాల్లో మా రాష్ట్రంలో ప్రతిపక్షమనేదే దాదాపు లేదు. 2017 రాష్ట్రపతి ఎన్నికల్లో తెలుగుదేశం, వైసీపీ రెండూ రామ్‌నాథ్ కోవింద్‌కే ఓటేశాయి. 2022లో రెండూ ద్రౌపది ముర్ముకే. 2019లో కశ్మీర్ 370 మీద, పౌరసత్వ సవరణ మీద రెండు పార్టీలూ కేంద్రం వైపే. 2025లో వక్ఫ్ బిల్లు దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. ఇక్కడ కడపలో, కర్నూలులో ఒకరినొకరు కొట్టుకునేంత పగలున్న పార్టీలు ఢిల్లీలో ఒకే బటన్ నొక్కుతాయి. ఆ బిల్లులు మంచివా కాదా అన్నది వేరే చర్చ. నా బాధల్లా ఒకటే. పార్లమెంటులో ఎప్పుడూ అవునని ఓటేసేవాడు మన నీళ్ల దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా కాదనలేడు. కాదంటే ఏమవుతుందో అన్న టెన్షన్ రెండు పార్టీలకూ ఒకేలా ఉంది.

దానికి మేం కట్టిన వెల ఎంతో చెప్తాను. 2023 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటక ఎగువ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్లు ప్రకటించారు. ఆ ఏడాది మేలో కర్ణాటక ఎన్నికలు. తుంగ, భద్ర రెండూ కలిస్తేనే తుంగభద్ర. పైన చిత్రదుర్గ, తుమకూరు వైపు నీళ్లు మళ్లితే కింద హోస్పేట డ్యాంకు వచ్చేది తగ్గుతుంది. ఆ డ్యాం నుంచి ఎగువ కాలవకు మా వాటా 32.5 టీఎంసీలు, దిగువ కాలవకు 24. ఎగువ కాలవ అంటే అనంతపురానికి తాగునీరు, కడప జిల్లా పులివెందుల దాకా సాగునీరు. దిగువ కాలవ అంటే ఆదోని, ఎమ్మిగనూరు. ఆ కాగితం వాటా కూడా ఏటా పూర్తిగా రాదు. డ్యాంలో పూడిక పేరుకుపోయి, కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టింది ఇప్పుడు 105 దగ్గరికి దిగింది. రాష్ట్రం అభ్యంతరం చెప్పింది, లేఖలు రాసింది. సరే. కానీ అప్పుడు రాష్ట్రం నుంచి లోక్‌సభలో 25 మంది ఉన్నారు, అందులో 8 సీట్లు సీమవి. ఈ 5,300 కోట్ల సంగతి తేలేదాకా మేం వదలం అని అధికార పక్షమో ప్రతిపక్షమో మంకుపట్టు పట్టి ఉంటే నాకు గుర్తుండేది. మర్నాటి పత్రికల్లో జిల్లా పేజీల్లో ఒక మూల వార్త వచ్చింది, అంతే.

2024 ఆగస్టు 10 రాత్రి అదే డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన డ్యాం, 33 గేట్లలో ఒకటి లేదు, నీళ్లు కళ్లముందే పోతున్నాయి. ఆ వారమంతా మా జిల్లాల్లో రైతులు ఫోన్లలో అదే చూశారు. నడిచే నీళ్లలోనే స్టాప్‌లాగులు (ఇనుప పలకలు) దించి ఆపారు, ఆ ఇంజినీర్లకు, కార్మికులకు చేతులెత్తి మొక్కాలి. మరుసటి ఏడాది మిగతా గేట్ల భయంతో డ్యాంను 80 టీఎంసీలకు మించి నింపలేదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూడండి. డ్యాంను చూసే తుంగభద్ర బోర్డు కేంద్రం కింద ఉంది. ఖర్చు రెండు రాష్ట్రాలు పెట్టుకుంటాయి. 70 ఏళ్ల నాటి గేట్లకు ఎప్పుడెప్పుడు తనిఖీ చేశారు, ఏం రాశారు, ఎవరు పక్కన పెట్టారు? మాకు వచ్చినదల్లా మీ హయాంలో నిర్లక్ష్యం అంటే మీ హయాంలో నిర్లక్ష్యం అని రెండు పార్టీల ప్రెస్‌మీట్లు. బోర్డు తనిఖీ నివేదికలు బయటపెట్టమని పట్టుబట్టిన నాయకుడు నాకు కనిపించలేదు.

ఇప్పుడు హంద్రీ-నీవా. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నిజమైన ప్రతిపక్షానికి పరీక్ష ఇక్కడే. మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లు ఎత్తి కృష్ణగిరి, పత్తికొండ మీదుగా మా జీడిపల్లి దాకా, అక్కణ్నుంచి రెండో దశలో చిత్తూరు వైపు తీసుకుపోయే కాలవ. 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాలు అని కాగితం మీద. నీళ్లు జీడిపల్లికి వచ్చాయి, అది గొప్ప సంగతే, నేను తక్కువ చేయను. కానీ కాలవ నుంచి పొలానికి పోవాల్సిన పిల్ల కాలవలు చాలాచోట్ల లేవు. ఉరవకొండ వైపు వెళ్తే కళ్లారా చూడొచ్చు. కాలవ గట్టు మీద వరసగా ఆయిల్ ఇంజన్లు, గట్టు దాటి చేలల్లోకి పాముల్లా పాకే నల్ల పైపులు. పైపు కొనగలిగినవాడికి నీళ్లు, కొనలేనివాడికి కాలవ చూసే భాగ్యం.

ఈ కాలవకు సిమెంటు లైనింగు వేసే పని మీద గొడవ మొదలైంది. కాలవ పక్క ఊళ్ల రైతులు వద్దన్నారు. ఉరవకొండ దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉన్న ఒక రైతు నాతో అన్న మాట: "అన్నా, ఈ కాలవ వచ్చినాక మా బోర్లల్లో నీళ్లు ఊరినాయి. చెట్లు బతికినాయి. అడుగున సిమెంటు పోస్తే బోరు మల్లా ఎండిపోతాది, ఈ చెట్లు నరుక్కోవాల్సిందే. మాకు పిల్ల కాలవ యాడుంది?" ఆయన స్టార్టర్ డబ్బా తెరిచి చూపించాడు. మోటారు ముందు ఎంత సేపు నడిచేదో, ఇప్పుడు ఎంత సేపు నడుస్తోందో తలుపు లోపలివైపు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాడు. ఆయన భయం ఊహ కాదు. ఇంకోవైపు కాలవ చివర ఉన్న మడకశిర, కుప్పం వాళ్ల మాట కూడా అంతే నిజం. ఇంజినీర్లు చెప్పేదీ నిజం. మట్టి కాలవలో నీళ్లు ఇంకిపోతే చివరికి చేరవు, కరెంటు ఖర్చు పెట్టి ఎత్తిన నీళ్లు అవి.

దీనికి ప్రతిపక్షం ఏం చేసింది? లైనింగు వద్దు అని ధర్నా చేసింది. రైతులు వద్దన్నారు కాబట్టి తప్పు కాదు. కానీ అదే పార్టీ కాలవ చివరి నియోజకవర్గంలో ఏం చెప్తుంది? నాకు కావాల్సిన ప్రతిపక్ష నాయకుడు ఉరవకొండలోనూ మడకశిరలోనూ ఒకే మాట చెప్పగలగాలి. ముందు పిల్ల కాలవలు తవ్వండి, చెరువులు నింపే తూములు పెట్టండి, ఆ తర్వాతే లైనింగు గురించి మాట్లాడండి అని వరస చెప్పాలి. ఆ వరసకు ఎంత ఖర్చో లెక్క తీసి బడ్జెట్ రోజున అడగాలి. ఈ నీళ్లకు హక్కు ఎక్కడుందో కూడా అడగాలి. హంద్రీ-నీవా, గాలేరు-నగరి, తెలుగుగంగ, వెలిగొండ అన్నీ మిగులు జలాల (అందరి వాటాలూ పోగా మిగిలే నీళ్ల) మీద కట్టినవే. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో వాటి పేర్లున్నాయి, నికర జలాల (కచ్చితమైన హక్కున్న నీళ్ల) కేటాయింపు మాత్రం లేదు. 2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా నీళ్ల పంపకం మళ్లీ చూడమని బ్రిజేష్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ధర్నా చేసిన నాయకుల్లో ట్రిబ్యునల్ ముందు సీమ తరఫున ఏం వాదిస్తున్నారని ప్రభుత్వాన్ని అడిగినవాళ్లు ఎందరు?

కృష్ణా బోర్డు సంగతీ అంతే. విభజన చట్టం ప్రకారం దాని ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలి. గత వైసీపీ ప్రభుత్వం విశాఖలో పెట్టాలంది. కృష్ణా పారని ఊళ్లో కృష్ణా బోర్డు! శ్రీశైలం ఉన్న కర్నూలులో పెట్టమని ఇక్కడి సాగునీటి సంఘాలవాళ్లు మొత్తుకుంటే అప్పటి ప్రతిపక్షమూ పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పటి ప్రతిపక్షమైతే అప్పుడు చేసిన ప్రతిపాదనకు కట్టుబడి నోరెత్తలేని స్థితిలో ఉంది. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అని రాసుకున్న జాతి మనది.

కడప ఉక్కు గురించి క్లుప్తంగా. విభజన చట్టం పదమూడో షెడ్యూలు, ఆరు నెలల్లో కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ కడపలో ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని చెప్పింది. ఆ తర్వాత కేంద్రం లాభసాటి కాదంది. 2007, 2018, 2019, 2023, నాలుగు శంకుస్థాపనలు జరిగాయి జమ్మలమడుగు చుట్టుపక్కల. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కేంద్రమే కట్టాలని దీక్షలు, అధికారంలోకి రాగానే ప్రైవేటు కంపెనీతో ఒప్పందాలు. చట్టంలో కేంద్రానికి అప్పగించిన బాధ్యతను మనమే భుజాన వేసుకుని మాఫీ చేసేశాం. 2021లో విశాఖ ఉక్కును అమ్మాలన్న నిర్ణయం వచ్చినప్పుడు, ఉన్నదే అమ్ముతానంటున్న ప్రభుత్వం కడపలో కొత్తది ఎందుకు కడుతుంది అని కలిపి అడగాల్సింది సీమ నాయకులే. కలిపి అడగలేదు.

ఉపాధి హామీ పనులు దేశంలో మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. ఆ తర్వాత కూలీల హాజరు ఫోను యాప్‌లోకి మారింది, 2024 జనవరి నుంచి ఆధార్ లింకు ఉంటేనే కూలి. సిగ్నల్ లేని గుట్ట దగ్గర ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కష్టం గాల్లో కలిసినట్టే. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లు సుగ్గికని (వలస కూలికి) గుంటూరు మిరప చేలకు పోతున్నాయి. బడి మానేసిన పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోతారు. దీని మీద ఏ ప్రధాన పార్టీ అయినా ఒక రోజంతా సభలో చర్చ పెట్టించిందా?

ఇక సభకు వెళ్లకపోవడం గురించి. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు. పార్టీ మారిన ఎమ్మెల్యేలపై వేటు వేయలేదని 2017 చివర నుంచి వైసీపీ సభకు పోలేదు. 2021 నవంబరులో అవమానం జరిగిందని చంద్రబాబు బయటికొచ్చి, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానన్నారు. 2024లో 11 సీట్లు వచ్చాక ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని మళ్లీ వైసీపీ బయటే. ఆ 11 మందిలో ఏడుగురు సీమవాళ్లు. పులివెందుల, బద్వేలు, రాజంపేట, ఆలూరు, మంత్రాలయం, పుంగనూరు, తంబళ్లపల్లె. 2019లో 52కి 49 ఇచ్చిన ప్రాంతం, ఆ పార్టీ ఓడిపోయిన రోజున కూడా వాళ్లకు ఎక్కువ సీట్లిచ్చింది. మా ఓటుకు సభలో గొంతు లేకుండా పోయింది.

హోదా లేకపోతే మైకు ఇవ్వరు, అవమానిస్తారు, కేసులు పెడతారు అంటారు. అవమానాలు జరిగాయి, రెండు వైపులా జరిగాయి, నేను కాదనను. సభ నడిపే తీరు సిగ్గుపడేలా ఉంది. కానీ 1984లో తెలుగుదేశం 30 మందితో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం అయింది. ఆ అయిదేళ్లూ అక్కడ గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేడు. హోదా లేదని వాళ్లు ఇంట్లో కూర్చోలేదు. పైగా శాసనమండలిలో వైసీపీకి 2024 ఓటమి తర్వాత కూడా బలం ఉంది, బొత్స సత్యనారాయణ అక్కడ హోదాతోనే ప్రతిపక్ష నాయకుడయ్యారు. లోక్‌సభలో గెలిచిన నలుగురిలో ముగ్గురు కడప, రాజంపేట, తిరుపతి నుంచే. తలుపులన్నీ మూసేశారంటే నేను ఒప్పుకోను.

నాగిరెడ్డి కూడా సభను వదిలేశారు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, 1969లో. ఈ సభలో ప్రజల సమస్యలు తేలవని చెప్పి శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆయన నిర్ణయం సరైనదా అన్నది వేరు, నేనైతే సభలోనే ఉండాల్సిందని అనుకుంటాను. కానీ ఆయన పదవి పట్టుకుని సభ ఎగ్గొట్టలేదు. నమ్మకం లేదన్నాడు, వదిలేశాడు, ఆ దారికి తగ్గ కష్టం అనుభవించాడు. అరవై రోజులు అనుమతి లేకుండా రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణలో ఉంది. ఆ గడువు దాటకుండా ఒక్క రోజు వచ్చి సంతకం పెట్టి పోవచ్చునా అన్న చర్చ మా జిల్లాలో జరగడమే నాకు తలవంపులుగా ఉంది.

అధికారంలో ఉన్నవాళ్లను వదిలేసి ప్రతిపక్షం మీద పడ్డావేంటి అంటారేమో. అధికారంలో ఉన్నవాళ్లను అడగాల్సిన పని ప్రతిపక్షానికి జీతమిచ్చి అప్పగించాం కాబట్టే అడుగుతున్నాను. రేపు పార్టీలు కుర్చీలు మార్చుకుంటే అప్పటి ప్రతిపక్షాన్ని కూడా ఇట్లాగే అడుగుతాను.

గుండ్రేవుల రిజర్వాయరునే తీసుకోండి. తుంగభద్ర మీద కర్నూలు పైన 20 టీఎంసీలు నిలబెట్టి కేసీ (కర్నూలు-కడప) కాలవను ఆదుకోవాలన్న ప్రతిపాదన. 2019 ఎన్నికల ముందు అనుమతి వచ్చింది, ఎన్నికల తర్వాత ఫైలు పడుకుంది, మళ్లీ ప్రభుత్వం మారినా లేవలేదు. ఒకప్పుడు అనుమతిచ్చిన పార్టీ అధికారంలో ఉంది, పక్కన పెట్టిన పార్టీ ప్రతిపక్షంలో ఉంది. ఎందుకు పక్కన పెట్టామో వాళ్లు చెప్పాలి, ఎందుకు లేపడం లేదో వీళ్లు చెప్పాలి. దాని మీద మండలిలో ఒక ప్రశ్న రాసివ్వడానికి హోదా కావాల్సిన పనిలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే సమావేశాలకే ఇవ్వొచ్చు.